నలభై ఆరు గ్రాముల నిమ్మకాయ

ఇప్పుడు కాలువ కింది మా ఆంధ్రా రైతుల క్యాంపు వరిమళ్ళ మీద మందు కొట్టే డ్రోను తిరుగుతుంటే గట్టు మీది గేదె కూడా తలెత్తి చూడదు. పదకొండేళ్ళ కిందట అలా ఉండేది కాదు. ఆకాశంలో ఏదైనా గుయ్యిమంటే చాలు, నాట్లు వేస్తున్నవాళ్ళందరూ నడుం ఎత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. అప్పుడు నాకు ముప్పై ఒకటి. (దాన్ని కుర్రతనం అంటారా అని మా ఆవిడ అడుగుతుంది. ఇవాళ్టి నా నలభై రెండు పక్కన పెడితే కుర్రతనమే.) పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా పాత పుస్తకాలు తిరగేసి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. చేతిలో టేపు, జేబులో పెన్సిలు పెట్టుకుని ఎవరు పిలిస్తే వాళ్ళ పొలం కొలిచి పెట్టేవాణ్ణి. ఏ వస్తువు కనపడినా దాని పొడవు ఎంత, బరువు ఎంత అని మనసులో అనుకోకుండా ఉండలేకపోయేవాణ్ణి. అందుకే అందరూ నన్ను 'లెక్కల బాబు' అనేవాళ్ళు. ఆ పేరు అంటే నాకు లోలోపల ఎంత గర్వమో ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. అందరికీ తెలుసట.

ఆ రోజుల్లో నాకు రాయచూరు పట్నంలో ఒక స్నేహితుడు ఉండేవాడు. పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీసేవాడు. అందరికీ అతను ఫోటో సాబే. జిల్లాలో డ్రోను కొన్న మొదటి నలుగురిలో తనొకడినని చెప్పుకునేవాడు. (మిగతా ముగ్గురు ఎవరని అడిగితే మాట మార్చేవాడు.) తెల్లగా, నాలుగు చేతులతో, కింద రెండు కాళ్ళతో, పెద్ద కంచమంత ఉండేది అది. నాకు రెండుసార్లు ఎగరేయడం నేర్పాడు. రెండూ కలిపి నా అనుభవం నలభై నిమిషాలు. ఆగస్టులో ఒక బుధవారం ఆ పెట్టె భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"లెక్కల్ సాబ్, మూడు దినాలు దేవదుర్గల మా అత్తగారింట్ల ఉంటా. బండి మీద ఏస్కపోతే ఆ గుంతల రోడ్ల దీని పానం పోతది. నీ ఇంట్ల ఉండనీ. ఆదివారం పొద్దుగాల వస్తా. సాయంత్రం కవితాళల షాదీ ఉంది. పిల్ల తండ్రి నాకన్న ముందు దీన్నే బుక్ చేసిండు, ఎరికేనా?"

"ఇంకెవరూ లేరా పెట్టుకోవడానికి?"

"ఉన్నరు. గానీ అందరు పెట్టె తెరుస్తరు. నువ్వు తెరవవు. నీకు జాగ్రత్త జాస్తి."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! పెట్టెను బీరువా మీద, గోడకు జానెడు ఎడంగా, ఎలుకకు అందని ఎత్తున పెట్టాను. సరిగ్గా ఇరవై రెండు గంటలు దాని జోలికి పోలేదు.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. మా పెదనాన్న పోయాక ఆమె మాతోనే ఉండేది. గోదావరి జిల్లా నుంచి ఈ కాలువ కిందికి వచ్చి నలభై ఏళ్ళయినా, పొలాన్ని అప్పటికీ సెంట్లలోనే చెప్పేది. కాలువ వంపు పక్కనున్న మా మడి మూడెకరాల డెబ్బై అయిదు సెంట్లని ఆమె వాదన. టేపుతో నేను కొలిస్తే మూడెకరాల ఇరవై ఏడు గుంటలే వచ్చింది. గుంటకు రెండున్నర సెంట్ల లెక్కన ఏడున్నర సెంట్లు తక్కువ. "మీ పెదనాన్న కాళ్ళతో కొలిచిన పొలంరా అది. నీ టేపు సాగిపోయిందేమో చూసుకో" అనేది. నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఈ ఏడున్నర సెంట్ల గొడవ నడుస్తూనే ఉంది. తేడా అంతా ఆ వంపులోనే ఉందని నాకు అనుమానం. గురువారం మధ్యాహ్నం అన్నం తింటూ బీరువా వైపు చూశాను. ఆ వంపును పైనుంచి ఒక్క ఫోటో తీస్తే చాలు కదా అనిపించింది.

"అడక్కుండా తీస్తున్నారు. పడితే?" అంది మా ఆవిడ.

"పడదు. బ్యాటరీ ఇరవై నిమిషాలు వస్తుంది. నాకు కావలసింది నాలుగు. గాలి లేదు. ఎత్తు ముప్పై అడుగులు దాటను."

"నేను అడిగింది పడదా అని కాదండీ. పడితే? అని."

దానికి నా దగ్గర అంకె లేదు. అందుకని వినపడనట్టు బయటికి వచ్చాను. వాకిట్లో డ్రోను పెట్టి రెక్కలు బిగిస్తుంటే పెద్దమ్మ పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, ఇది మనది కాదు. కొత్తదీ కాదు."

"మన వాకిట్లోంచి మొదటిసారి బయల్దేరుతోందా లేదా? మనకు కొత్తేగా. ట్రాక్టరు వస్తే నిమ్మకాయ పెట్టాం. మోటారుసైకిలు వస్తే పెట్టాం. పైకి ఎగిరే దానికి పెట్టమా? దీని చక్రాలేవిరా?"

"దీనికి చక్రాలు ఉండవు పెద్దమ్మా."

ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. చక్రం లేకపోతే నిమ్మకాయ దేని కింద పెట్టాలి? "అయితే కట్టాల్సిందే" అని, నిమ్మకాయను మిరపకాయలతో కలిపి నల్లదారానికి గుచ్చి, డ్రోను కాలికి వేలాడదీసింది. వద్దని గట్టిగా చెప్పేవాణ్ణే. కానీ నాలోని లెక్కల బాబు అడ్డొచ్చాడు. ఆ దండను విప్పించి, మా ఆవిడ వంటింటి త్రాసులో తూచాను. నలభై ఆరు గ్రాములు. యంత్రం బరువు పన్నెండు వందల ఎనభై. నూటికి నాలుగు వంతులు కూడా లేదు. "ఈ మాత్రం మోస్తుంది, కట్టు" అన్నాను. దారం పొడవు మాత్రం కొలవలేదు. తర్వాత కొలిచాను. జానెడు మీద రెండు వేళ్ళు.

డ్రోను చక్కగా లేచింది. నాట్లు వేస్తున్నవాళ్ళు నడుం ఎత్తారు. పెద్దమ్మ గట్టు మీద చేతులు జోడించింది. నా చేతిలోని తెర మీద పచ్చటి మడి, కాలువ వంపు, వాటికి అడ్డంగా గడియారం లోలకంలా ఊగుతూ ఒక నిమ్మకాయ కనిపించాయి. బాగానే ఉంది. వంపు దగ్గరికి పోనిద్దామని రిమోటు పుల్ల ముందుకు నెట్టాను. యంత్రం ముందుకు వంగింది, నిమ్మకాయ వెనక్కి ఊగింది, దారం రెక్కకు చుట్టుకుంది. టప్‌మని చప్పుడు. నిమ్మకాయ ఒకవైపు, డ్రోను ఒకవైపు. ముప్పై అడుగుల నుంచి కింద పడడానికి ఒకటిన్నర సెకన్లు కూడా పట్టదు. (ఈ లెక్క అప్పటికప్పుడే నా బుర్రలో మెదిలింది. చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కటీ మెదల్లేదు.)

అది మడిలో, మడమ లోతు బురదలో, తలకిందులుగా దిగబడింది. నేను పరుగెత్తి వెళ్ళి అన్నిటికంటే ముందు చేసిన మంచి పని బ్యాటరీ ఊడదీయడం. అది కూడా ఫోటో సాబ్ ఒకసారి చెప్పాడు కాబట్టి. గట్టు మీద మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. భయమో నవ్వో నేను అడగలేదు. పెద్దమ్మ మాత్రం నిబ్బరంగా అంది: "చూశావా? నిమ్మకాయ కట్టబట్టి మడిలో పడింది. గట్టు మీద పడుంటే?"

బ్యాటరీని గుడ్డతో తుడిచి, ఉబ్బిందేమోనని స్కేలు ఆనించి చూసి, దూరంగా ఇసుక బొక్కెనలో పెట్టాను. డ్రోను బురద కడిగాను. ఆరబెట్టడం ఎలా? "తడిసిన ఫోను బియ్యంలో పెడతారుగా?" అని గుర్తుచేసింది పెద్దమ్మ. ఇంట్లో బియ్యం అడుగంటాయి, మిల్లుకు వెయ్యాలి అంది మా ఆవిడ. "అయితే వడ్లలో పెట్టండి. బియ్యం కన్నా వడ్లే పొడిగా ఉంటాయి" అంది పెద్దమ్మ. వరి పండించే ఇంట్లో ఈ మాట కాదనేవాడెవడు? రాత్రంతా అది వడ్ల బస్తాలో పడుకుంది. శుక్రవారం పొద్దున తీసి, ఒక్కో మోటారును వేలితో తిప్పితే నాలుగూ కరకరమన్నాయి. సందుల్లో నూగు, ఊక. నీటి నుంచి కాపాడబోయి ధాన్యంతో నింపాం. ఆ రోజంతా పాత పళ్ళ బ్రష్షుతో, సైకిలు పంపు గాలితో ఆ నూగు తీయడంతోనే సరిపోయింది.

అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని పరీక్షకు కూర్చున్నాను. రెక్కలు నాలుగు: ఒకటి విరిగింది, మిగతావి వెలుతురుకు పట్టి చూస్తే ఇంకోదానికి వెంట్రుకంత చీలిక. (పెట్టెలో కొత్తవి ఉన్నాయి. అన్నీ మార్చాను.) కాళ్ళు వంగలేదు. కెమెరా తిరుగుతోంది. మరలన్నీ బిగువుగా ఉన్నాయి. ఇలా ఒక్కోటి చూస్తూ, అంకె వేసి రాసుకుంటూ పోయాను. శనివారం పొద్దున వాకిట్లో మోకాలెత్తుకు మాత్రం లేపి, రెండు నిమిషాలు ఉంచి దించాను. ఊగలేదు, వణకలేదు. హమ్మయ్య అనుకున్నాను.

"ఆయనకు చెప్తారా?" అంది మా ఆవిడ.

"అడిగితే చెప్తా."

"అడగరు. మీరు పెట్టె తెరవరని కదా ఇచ్చారు."

నిజం చెప్పాలంటే ఆ పూట నేను చెప్పదలుచుకోలేదు. చెబితే స్నేహం పోతుందని కాదు. 'జాగ్రత్త జాస్తి' అన్న మాట పోతుందని. కానీ నాకొక జబ్బు ఉంది. దించిన ప్రతిసారీ నాలుగు రెక్కలూ ఎంతసేపటికి ఆగుతున్నాయో లెక్కపెట్టాను. మూడు రెక్కలు అయిదు అంకెలకు ఆగితే, నాలుగోది మూడుకే ఆగుతోంది. పదిసార్లు లేపాను, పదిసార్లు దించాను. పదిసార్లూ అంతే. ఇంకా నూగు ఉందేమోనని ఆ చేతిని పట్టుకుని మోటారు కింద బొటనవేలితో నొక్కితే 'టిక్' అంది. తెల్లటి రంగు మీద కనీకనపడని గీత. గీత కాదు, పగులు. స్కేలు పెడితే పదకొండు మిల్లీమీటర్లు. గుండుసూదితో లోపల గీరితే ఎర్రమట్టి వచ్చింది. అన్నీ రాసినట్టే అదీ రాశాను. పంతొమ్మిదో అంశం: 'ఎడమ వెనక చేతికి పగులు, పదకొండు మి.మీ., లోపల ఎర్రమట్టి.'

మోకాలెత్తున ఆ పగులు పట్టు వదల్లేదు. కానీ రేపు సాయంత్రం అది ఎగిరేది మోకాలెత్తున కాదు. కింద పెళ్ళికూతురు ఉంటుంది, పెళ్ళికి వచ్చిన పిల్లలుంటారు. ముప్పై అడుగులు, ఒకటిన్నర సెకన్లు. ఈసారి కింద బురద ఉండదు. ఏడున్నర సెంట్ల కోసం ఇంత పని చేశానా అనిపించింది.

ఆదివారం పొద్దున ఫోటో సాబ్ నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం లెక్కల్ సాబ్, పెట్టె తెరవలే గద?"

నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం చేతికిచ్చాను. ఇరవై మూడు అంశాలు. పైన పెద్ద అక్షరాలతో 'గురువారం నేను ఎగరేసి పడేశాను' అని రాసి ఉంది. మొదటి వాక్యానికే అతని నవ్వు పోయింది. "నిమ్మకాయ?" అన్నాడు రెండో వాక్యం దగ్గర. "దీనికి నిమ్మకాయ కడితివా? నువ్వు? లెక్కలు చెప్పెటోనివి?"

"తూచే కట్టాం నాయనా" అంది పెద్దమ్మ గడప దగ్గర్నుంచి.

అతను ఇంకా చదువుతూ పోయాడు. పంతొమ్మిది దగ్గర ఆగాడు. తర్వాత వాకిలి దాటి, మడి గట్టు దాకా వెళ్ళి, వంగి, చిటికెడు మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంటూ తిరిగి వచ్చాడు.

"మీ క్యాంపుల మట్టి నల్లగ ఉంది."

"అవును. నల్లరేగడి."

"మరి ఎర్రమట్టి ఏడికెల్లి వచ్చె?"

ఏమో అన్నాను. నిజంగానే ఏమో. నేను రాసుకున్నానే గాని ఆలోచించలేదు. (అంకె వెయ్యడం వేరు, లెక్క తెలియడం వేరని నాకు అప్పుడే అర్థం కావలసింది. అప్పుడూ కాలేదు.) ఫోటో సాబ్ అరుగు మీద కూలబడ్డాడు.

"గా పగులు నీది కాదు భాయ్, నాది. పన్నెండు దినాలాయె. యరగేర కాడ ఎగరేస్తుంటె యాపచెట్టుకు తగిలి ఎర్రమట్టి చేన్ల పడ్డది. తుడిచిన, పైకి మంచిగనే కనవడ్డది, పెట్టెల పెట్టిన. ఎవ్వరికి చెప్పలే, ఇంట్ల సుత చెప్పలే. దాని తర్వాత రెండు షాదీలు చేసిన. రెండు! ఒక దాంట్ల పెండ్లికొడుకు నెత్తి మీదనే నిలవెట్టిన, అవును, కెమెరాకు మంచిగ కనవడాలని."

మా ఆవిడ టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, "అయితే ఇద్దరూ పడేశారన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే, ముందు అతనికి నవ్వు వచ్చింది, తర్వాత నాకు. గ్లాసుల్లో టీ ఒలికేదాకా నవ్వాం.

ఆ సాయంత్రం కవితాళలో డ్రోను ఎగరలేదు. ఫోటో సాబ్ మిద్దె మీదికి, నిచ్చెన మీదికి, చివరికి టెంటు గుంజ మీదికి కూడా ఎక్కి వీడియో తీశాడట. పెళ్ళికూతురి తండ్రి డ్రోను ఏదని నిలదీస్తే, "గాలి జాస్తి ఉంది సాబ్" అన్నాడట. ఆ రోజు ఆకు కదల్లేదు. ఆయన ఒక్క క్షణం టెంటు గుడ్డ వైపు చూసి ఊరుకున్నాడట.

డ్రోనుకు కొత్త చెయ్యి వేయించుకున్నాక ఫోటో సాబే ఒకరోజు వచ్చి మా వంపును పైనుంచి ఫోటో తీసి పెట్టాడు. ఆ ఫోటో మీద గళ్ళు గీసి నేను రెండు రోజులు లెక్క వేశాను. మూడెకరాల ఇరవై ఎనిమిదిన్నర గుంటలు వచ్చింది. నాదీ తప్పే, పెద్దమ్మదీ తప్పే, ఇద్దరిదీ సమానంగా తప్పే. "అయితే మీ పెదనాన్న గట్టు కూడా కలిపి కొలిచి ఉంటార్లే" అని ఆమె ఆయన్ని గెలిపించుకుంది.

ఇప్పుడు మందు కొట్టే డ్రోను క్యాంపుకు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని, నిమ్మకాయతో వాకిట్లోకి వస్తుంది. ఆ నడిపేవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. నిమ్మకాయ తీసుకుని యంత్రం చుట్టూ మూడుసార్లు తిప్పి దూరంగా విసిరేస్తాను, ఆపైన ప్రతి చేతినీ బొటనవేలితో నొక్కి చూస్తాను. అప్పుడు వాళ్ళు ఇంకా నవ్వుతారు. ఆ పాత కాగితం నా టేపు డబ్బాలో ఉంది, నాలుగు మడతల దగ్గరా చిరిగింది. పంతొమ్మిదో అంశం పక్కన ఫోటో సాబ్ ఆ రోజే నా పెన్సిలు లాక్కుని 'ఇది నాది' అని రాసి సంతకం పెట్టాడు. దాన్ని తీసి చూసినప్పుడల్లా, వంటింటి త్రాసు ముందు గొంతుక్కూర్చుని నిమ్మకాయ తూస్తున్న ఆ ముప్పై ఒక్కేళ్ళ మనిషి కనపడతాడు. ముల్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. జానెడు దారం త్రాసు అంచు మీంచి, అతని కళ్ళ ముందే, కొలవకుండా వేలాడుతుంటుంది. చూపించాలనిపిస్తుంది, కానీ అతను అంత శ్రద్ధగా ఉన్నాడు, కదిలించబుద్ధి కాదు.