తుపాకీకి తలంటు

ఈ భూమ్మీద తుపాకీకి తలంటిన మూర్ఖుడు ఒకడున్నాడంటే, అది నేనే. తుపాకీ పేలి ప్రమాదాలు జరగడం మీరు వినే ఉంటారు. నా పరువు మాత్రం అది పేలకపోవడం వల్ల పోయింది.

అప్పట్లో ఇంగ్లండులోని లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కౌబాయ్ వేషాలతో పోటీలు జరిపే తుపాకీ క్లబ్బులో చేరాను. "ఎంటెక్ చదివి గొడ్లు కాస్తావా?" అని నాన్న ఫోన్లో నిట్టూర్చారు. లైసెన్సు వచ్చాక పాతకాలపు పంపు తుపాకీ కొన్నాను. ముందున్న చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తేనే తర్వాతి తూటా ఎక్కుతుంది. నాది మా వీధి బోరింగు కన్నా మొండిది.

"లోపలి గరుకంతా అరగదియ్యి, లాడ్. కాస్త నూనె వెయ్యి," అన్నారు క్లబ్బు పెద్ద హ్యారీ అంకుల్. ఆయనకు కుర్రాళ్ళంతా 'లాడ్'లే. "వచ్చే నెల పోటీలో బాగా కొడితే కార్డిఫ్ వెళ్ళే జట్టులో నువ్వే."

నెల రోజులు అరగదీశాను, ముఖ్యంగా వేళ్ళు. ఇక నూనె. ఫ్లాట్‌లో నాతో ఉండే సుబ్బు సలహా ఇచ్చాడు: "వేరే నూనె దేనికిరా? మా అమ్మ కుట్టుమిషనుకి ఎప్పుడూ కొబ్బరినూనే. ఒక్కరోజు కిర్రుమనలేదు."

ఆ కుట్టుమిషను ఉన్నది రాజమండ్రిలో అన్న సంగతి నాకు తట్టలేదు. హీటర్ పక్కన కరిగిన కొబ్బరినూనె సీసా ఎత్తి ధారగా పోశాను. వెచ్చటి ఫ్లాట్‌లో పిడి పట్టుచీర మడతలా జారింది.

పోటీ జనవరిలో, ఆరుబయట, గడ్డకట్టే చలిలో. బజర్ మోగింది. లాగాను. పిడి నా దగ్గరికి రాలేదు, నేనే దాని దగ్గరికి వెళ్ళాను.

"ఏమైంది, లాడ్?"

"బిగుసుకుపోయింది, అంకుల్."

ఆయన విప్పి చూశారు. లోపలంతా తెల్లగా, పేరుకున్న నెయ్యిలా ఉంది. వాసన చూశారు. "ఏం పోశావు?"

"హెయిర్ ఆయిల్."

ఆయన తుపాకీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. "వెంట్రుకలేవీ?"

కార్డిఫ్ జట్టు నేను లేకుండానే వెళ్ళింది. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు సుబ్బు. "కుంకుడుకాయలు కూడా తెప్పించమంటావా?" అని వారం రోజులు అడిగాడు. ఇకమీదట కొబ్బరినూనె నా తలకు తప్ప మరి దేనికీ రాయనని, ఉన్న నాలుగు వెంట్రుకల సాక్షిగా ప్రమాణం చేశాను.

తర్వాతి నెల సుబ్బూ క్లబ్బులో చేరాడు. అక్కడ ప్రతివాడికీ ఒక కౌబాయ్ పేరుండాలి. పుస్తకంలో ఎక్కాక మార్చరు.

"తెలుగులో, గంభీరంగా ఉండేది రాయించరా," అన్నాడు ఆఫీసు నుంచి ఫోన్లో.

రాయించాను.

"అర్థమేమిటి?" అన్నారు హ్యారీ అంకుల్.

"మహా బలశాలి, అంకుల్."

ఇప్పుడు ప్రతి పోటీలోనూ ఆయన మైదానమంతా వినబడేలా "డున్నపోటూ" అని పిలుస్తారు. సుబ్బు టోపీ తీసి చెయ్యెత్తుతాడు.