నాలుక గుర్తుపట్టిన మాత్ర

చూర్ణమ్మ అని పరీక్షాలయంలో అందరూ పిలిచే సహాయకురాలికి నలభై ఏడేళ్లు. అక్కడ చిత్తు లేఖలను సాపు చేసే వృద్ధ గుమస్తాకు ఆమె పద్దెనిమిదేళ్లుగా తెలుసు.

మూలికా మందుల్లో సీసం, పాదరసం వంటివి కలిశాయేమో తేల్చడం ఆ కార్యాలయం పని. మాత్రలను కల్వంలో నూరి, ఆమ్లంలో కరిగించి యంత్రానికి అందించడం ఆమె వంతు. నూరేముందు మాత్రను నాలుక కొసకు తాకించుకోవడం ఆమె అలవాటు; మందు నూరడంతోపాటు తల్లి నేర్పినది. రుచి చూడరాదని గోడమీద రాసి ఉంది. అలవాటు పడ్డ ప్రాణం గోడ వైపు చూడదు.

"నువ్వుండగా నేనెందుకమ్మా, దండగ!" అనేవాడు యంత్రం నడిపే అతను.

ఒక ఉదయం ఎర్రని మాత్రల పొట్లం వచ్చింది. దానిమీద పేరు లేదు, అంకె మాత్రమే. నాలుకకు తాకించగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. మాడిన బెల్లం, శొంఠి, చివర్లో వాము. తల్లి ఇంట్లో చేసి అమ్మే కీళ్లనొప్పుల మాత్ర. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. నూరింది, కరిగించింది. యంత్రం సీసాన్ని హద్దుకు ఎన్నో రెట్లు చూపింది.

సాయంత్రం ఇంట్లో తల్లి మాత్రలను ఎర్రరంగు పొడిలో దొర్లిస్తోంది.

"ఆ రంగెందుకే అమ్మా?"

"ఒకదానికొకటి అంటుకోకుండా. చూడముచ్చటగానూ ఉంటాయి."

"అందులో సీసం ఉంది."

"సీసాలో పోసి అమ్మితే సీసం ఉండదూ? నేను రోజూ మింగుతున్నా, గుండ్రాయిలా ఉన్నా."

"వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నావుగా."

"వయసే పిల్లా. నీకూ ఎక్కుతున్నాయిగా, నీకేం ముంచుకొచ్చింది?"

చూర్ణమ్మ తన వేళ్లకేసి చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టున్నాయి. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుందనుకుని పడుకుంది.

తెల్లవారేసరికి తల్లి సీసాలన్నీ ఖాళీ చేసి, మాత్రలను కాగితం పొట్లాల్లో కట్టేసింది. "వెళ్లి చెప్పు మీ దొరలకి, మా ఇంట్లో ఇక సీసాలే లేవని!" అంది గర్వంగా.

చూర్ణమ్మ నేరుగా అధికారి గదికి వెళ్లింది.

"ఆ ఎర్ర మాత్రలు మా అమ్మవండి. అమ్మకం ఆపించండి."

"పేరే లేదు కదా, నీకెలా తెలుసు?"

"నాలుక మీద పెట్టుకున్నానండి."

"గోడమీద రాసింది చదవలేదూ?"

"చదివానండి."

మందు చేసినవారి బంధువు ముట్టుకున్న పరీక్ష చెల్లదు. రుచి చూసినవారికి ఉద్యోగం ఉండదు. ఆమెను తొలగించాలన్న చిత్తు ఉత్తరువు సాపు చేయడానికి గుమస్తా బల్లమీదికే వచ్చింది. దాన్ని చూసినట్టు ఆమె సంతకం పెట్టబోతే కలం వేళ్లలోంచి జారింది. వంగి తీసింది, మళ్లీ జారింది.

"పట్టు తెలియడం లేదు బాబాయిగారూ. వేలిముద్ర చెల్లుతుందా?" అని మామూలుగా అడిగింది.

కావున, మిగిలిన మాత్రలను వేరొకరిచేత పరీక్షింపజేసి, వాటి అమ్మకం తక్షణం ఆపించి, తల్లీకూతుళ్లిద్దరికీ రక్తపరీక్ష చేయించి, ఆ పిమ్మట మాత్రమే ఆమె నాలుక చేసిన తప్పును విచారించవలసిందిగా అధికారులవారికి ఆమె తరఫున ఈ గుమస్తా సవినయంగా మనవి చేసుకుంటున్నాడు.