చింతగింజంత మందు

మా చిన్నమ్మ దేవుడమ్మకి ఎవరైనా మందు అడిగితే లేదనడం చేతకాదు. మలేషియాలో, బాగన్ దాతుక్‌లో మా వీధిలో దగ్గొచ్చినా, సెగ్గడ్డ లేచినా, చంటిపిల్ల పాలు కక్కినా ముందు ఆమె గుమ్మంలోకే వస్తారు. కొబ్బరి తోటలో నలభై ఏళ్ళు కాయలు ఒలిచి అరచేతులు మొద్దుబారిన మనిషి. ఆ చేతికి హస్తవాసి ఉందని జనం నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు గానీ, దగ్గొస్తే నేనూ వెళ్ళేదాన్ని.

మందుకి మాత్రం సొమ్ము ముట్టదు. "సొమ్ము పుచ్చుకుంటే మందు పారదు. అడిగినోలికి లేదంటే సేతిలోనే సచ్చిపోద్ది," అనేది. వాళ్ళమ్మ పాపమ్మ చెప్పిన మాటట. నేను నవ్వితే, "నవ్వు లా, నీ ఇంటికి రోగం వచ్చినప్పుడు సూద్దాం," అని ఇక్కడి వాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించి మూతి తిప్పేది.

రోగం ఆమె ఇంటికే వచ్చింది. ఒక్కగానొక్క కూతురు ఉమాదేవి టెలుక్ ఇంతాన్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళేది. ముప్పై రెండో ఏట కడుపునొప్పి మొదలైంది. రోజుకి పదిహేనుసార్లు దొడ్డికి, నెత్తురు. పేగుల్లో పుళ్ళు, క్రోన్స్ అంటారు, జీవితాంతం ఉంటుంది అన్నారు పెద్దాసుపత్రిలో. మాత్రలకి ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది, ఒళ్ళు మాత్రం ఎండిపోయింది. ఒకసారి జానెడు పేగు కోసి తీశారు. మాటిమాటికీ లైను వదిలి వెళ్తోందని ఫ్యాక్టరీలో పని పోయింది. ముప్పై ఆరు కిలోలకి దిగిన పిల్లని తల్లి చంకనెత్తుకుని బాత్‌రూముకి తీసుకెళ్ళేది.

అప్పుడు చిన్నమ్మకి పాపమ్మ చేసే పాతకాలం మందు గుర్తొచ్చింది. తోటల్లో జిగట విరేచనాలు పట్టుకుంటే గంజాయి ఆకు నేతిలో కాచి చింతగింజంత పెట్టేవారట. విత్తనం ఎక్కడిదో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పెరట్లో అరటి బోదెల వెనక రెండు మొక్కలు లేచాయి. ఈ దేశంలో దానికి ఏం శిక్షో స్కూలు ఆఫీసులో గుమస్తాగా చేసిన నాకు బాగా తెలుసు. అయినా ఆమె వంటింట్లో నెయ్యి కాగుతుంటే పక్కన కూర్చుని గరిటె తిప్పింది నేనే. ఆ పిల్లని చూసి కాదనడానికి నాకు నోరు రాలేదు.

పుండు మానిందో లేదో నేను చెప్పలేను. డాక్టరిచ్చిన మాత్రలు ఆపనివ్వలేదు నేను. కానీ ఉమ నిద్రపోయింది. నాలుగో వారం పప్పుచారు పోసుకుని అన్నం తిని, ఇంకొంచెం పెట్టమంది. చిన్నమ్మ కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

మంచి మందు ఉందంటే వీధిలో దాగుతుందా! మూడిళ్ళ అవతల పకీరిసామికి పొట్టలో కేన్సరు. అతని భార్య లోగేశ్వరి వచ్చి చిన్నమ్మ కాళ్ళు పట్టుకుంది. ఇవ్వొద్దని నేను గట్టిగానే చెప్పాను. "పిచ్చా నీకు? ఇది దగ్గు మందు కాదు," అని అరిచాను.

"అడిగింది కదే. నేదనమంటావేటి?" అని బామ్ సీసాలో నింపి ఇచ్చేసింది. లోగేశ్వరి తమలపాకులో పెట్టి నోటు ఇవ్వబోతే కసిరి వెనక్కి పంపింది.

పకీరిసామిని ఆసుపత్రిలో చేర్చారు. ఆ సీసా మామకి ఇద్దామని అల్లుడు కిశోర్‌కుమార్ జేబులో వేసుకుని మోటారుసైకిలు మీద బయల్దేరాడు. దారిలో పోలీసులు ఆపి వెతికారు. సీసా ఎక్కడిదో రెండో రోజుకి చెప్పేశాడు. అతన్ని తిట్టాలని ఉంది గానీ, నేనైనా చెప్పేదాన్నే.

పోలీసులు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నేను అక్కడే ఉన్నాను. మొక్కలు పీకారు. వాళ్ళలో పెద్దాయన మర్యాదగానే అడిగాడు, ఇది నీ వాడకానికా అని. అవునని ఒక్క ముక్క అంటే కేసు తేలికవుతుందేమోనని ఆమె కాలు తొక్కాను. చిన్నమ్మ కాలు లాక్కుని, నన్ను దొంగని చూసినట్టు చూసి, తలెత్తి మలాయిలో చెప్పింది: "జువల్ తడా. బగి సజ." అమ్మలేదు, ఊరికే ఇచ్చాను అని. ఒక్క సెన్ను కూడా పుచ్చుకోలేదని గుండె మీద చెయ్యేసి మరీ చెప్పింది. అమ్మితే పాపం, ఇస్తే పుణ్యం, ఆమెకి తెలిసిన న్యాయం అదే. ఇవ్వడమూ అమ్మడమూ ఈ చట్టానికి ఒకటేనని, ఆ మాటతోనే కేసు పెద్దదైందని తర్వాత లాయరు చెప్పాడు. రుజువైతే ఉరి, లేదా ముప్పై ఏళ్ళ జైలు. ఆమెకి అరవై ఎనిమిది. బెయిలు రాలేదు.

పకీరిసామి ఆ నెలలోనే పోయాడు. ఉమకి మళ్ళీ నెత్తురు మొదలైంది.

పోయిన వారం ఉమా, నేనూ జైలుకి వెళ్ళాం. మధ్యలో అద్దం. ఒకే ఫోనుకి ఇద్దరం చెవులు ఆనించాం. ఉమకి తెలుగు అర్థమవుతుంది గానీ ఇంట్లో ఎప్పుడూ తమిళమే. ఆ రోజు మాత్రం పక్కనున్న వార్డరుకి తెలియకూడదని కూడబలుక్కుని తెలుగులో అడిగింది.

"అమ్మా, ఆ మందు... ఎలా సేసినావు?"

చిన్నమ్మ చూపు కూతురి మెడ ఎముకల మీద ఉంది.

"నొప్పి తట్టుకోలేనమ్మా. సెప్పు లా."

"ఏటి మందు? నాకేటీ తెల్దు."

"అమ్మా, నేను అడుగుతున్నాను."

"నేదు," అంది చిన్నమ్మ. ఫోను పెట్టేసి, టైము ఇంకా ఉన్నా లేచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

వచ్చేటప్పుడు ఉమ కోసం నాలుగు పెట్రోలు బంకుల దగ్గర కారు ఆపాను. నాలుగోచోట చాలాసేపటికి గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

"అక్కా, అమ్మతో నువ్వు ఉన్నావు కదా వంటింట్లో. నీకు తెలుసా?"

నేను కారు స్టార్టు చేశాను.

"తెల్దు," అన్నాను.