నాయనమ్మ, నల్లులు, తాతయ్య కుర్చీ

"వాసనేం రాదండీ మేడమ్. పక్క ఫ్లాటువాళ్ళకి కూడా తెలీదు" అన్నాడు మందు కొట్టడానికి వచ్చినతను, వీపుకున్న డబ్బా పట్టీ బిగించుకుంటూ. మనవరాలి చేతుల మీద దద్దుర్లు చూసి, మొన్న పరుపు కుట్లన్నీ వెతికి నేను పట్టుకున్న రెండు నల్లులూ అగ్గిపెట్టెలో ఉన్నాయి. రైలు ప్రయాణంలో పెట్టెతో పాటు వచ్చి ఉంటాయని తేల్చేసి, అతను గుణదలలోని ఈ మూడో అంతస్తు ఫ్లాటులో గది గదికీ తిరిగి మందు కొట్టాడు. నిజంగానే వాసన లేదు. నేను గుమ్మంలో నిలబడి పిచ్చిదానిలా ముక్కుతో వెతుక్కుంటున్నాను. నల్లుల పని అంటే నాకు తెలిసిన వాసనలు వేరు మరి. మరిగే నీళ్ళు పడ్డ పాత టేకు చెక్క వాసన, కిరసనాయిలు, వేపాకు పొగ, బెజవాడ ఎండలో కాలిన దూది పరుపు వాసన. అవన్నీ కలిస్తే మా నాయనమ్మ.

మా ఇల్లు వన్ టౌన్‌లో ఉండేది. ముందు వీధిలో తోపుడు బండ్లు, వెనక గోడకి ఆనుకుని అపరాల గోడౌను. ఒకే డాబా ఇంటిని మూడు వాటాలు చేసి, ముందు వాటాలో మేమూ, మిగతా రెండిట్లో అద్దెకున్నవాళ్ళూ ఉండేవాళ్ళం. గోడౌను పుణ్యమా అని ఎలుకలకీ పురుగులకీ లోటు లేదు. వాటితో నాయనమ్మ చేసిన యుద్ధం చూడాలి! బియ్యం డబ్బాల్లో ఎండిన వేపాకు, కందిపప్పుకి ఆముదం చెయ్యి, పట్టుచీరల మధ్య కలరా ఉండలు, చీమలెక్కకుండా పాల అలమర నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు, వానాకాలం సాయంత్రాల్లో దోమలకి ఇల్లంతా సాంబ్రాణి. ఎలుకల బోనులో మాత్రం చల్లారిన పకోడీ పెట్టనిచ్చేది కాదు, మనకి పెట్టినట్టే వేడిగా పెట్టాలనేది. పడ్డ ఎలుకని కాలవ దాటించి వదిలి వచ్చేది. ఇవతలి గట్టున వదిలితే మనకంటే ముందు ఇల్లు చేరుతుందని ఆవిడ గట్టి నమ్మకం. చదువు లేదు, సంతకం కూడా వంకరగా పెట్టేది. అయినా ఏ పురుగు ఏ నెలలో ఏ మూల నుంచి వస్తుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నేనిప్పటికీ ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను.

అన్నిటిలోకీ పెద్ద పండగ నల్లుల రోజు. ఒక వాటాలో మందు వేస్తే నల్లులు గోడ సందుల్లోంచి పక్క వాటాలోకి సర్దుకుంటాయి కనుక, మూడు వాటాలవాళ్ళూ ఒకే రోజు చెయ్యాలని నాయనమ్మ నియమం. ఎండలు ముదిరీ ముదరగానే పొద్దున్నే మంచాలూ బల్లలూ పరుపులూ అన్నీ డాబా మీదికెక్కేవి. ముందు మంచాలు, తర్వాతే మాగాయ. డాబా ఎండ మీద మొదటి హక్కు నల్లులదే, ఆ తర్వాతే మామిడి ముక్కలదీ వడియాలదీ. తాతయ్య పాత తెల్ల పంచె పరిచి, దాని మీద ఒక్కో మంచాన్నీ నిలబెట్టి, కోళ్ళకీ పట్టెలకీ మధ్య రోకలితో టకటకా కొట్టేది నాయనమ్మ. తెల్లగుడ్డ మీద ఏం రాలిందో అందరూ వంగి చూసేవాళ్ళు. పిల్లలం కొబ్బరి పుల్లలతో సందులు గీకేవాళ్ళం, ఆడవాళ్ళు మరిగే నీళ్ళు పోసేవాళ్ళు, మధ్యాహ్నానికి అందరికీ కలిపి ఒకటే గిన్నెలో పులిహోర కలిసేది. ఎవరి మంచంలోంచి ఎన్ని రాలాయో డాబా దిగాక ఎత్తకూడదని ఇంకో నియమం కూడా ఉండేది.

ఆ ఏడాది ఉగాదికి ముందు మధ్య వాటాలోకి టీచరుగారు వచ్చారు. వాళ్ళాయన ఇబ్రహీంపట్నంలో కరెంటు ప్లాంటులో పనిచేసేవారు, ఈవిడకి మా వైపు బడికి బదిలీ అయింది. వాళ్ళమ్మాయి పద్మకి నా వయసే, తొమ్మిదేళ్ళు. వారం తిరిగేసరికి మేమిద్దరం ఒకరి జడ ఒకరం వేసుకునేంత స్నేహితులమైపోయాం. వాళ్ళు తోపుడు బండి మీద తెచ్చుకున్న సామానులో ఒక పాత మంచం ఉంది. నెల తిరక్కుండా మూడు వాటాల్లోనూ నల్లులు మొదలయ్యాయి. ఇంకేముంది, వెనక వాటా రత్తమ్మగారు ఆ మంచాన్నే పట్టుకున్నారు. నల్లుల రోజున రోకలి దెబ్బలకి ఆ మంచం నుంచి ఒక్కటీ రాలలేదు. లోపలెక్కడో దాక్కున్నాయన్నారు రత్తమ్మగారు. ఇరవై రోజులకి నల్లులు మళ్ళీ వచ్చాయి. రత్తమ్మగారు నాయనమ్మ చెవిన ఇల్లు కట్టుకుని పోరారు. చివరికి నాయనమ్మ, అరుగు మీద కూర్చుని తలొంచుకుని, ఇంకో ఇల్లు చూసుకోమని టీచరుగారికి చెప్పింది. టీచరుగారికి తల కొట్టేసినట్టయింది.

ఇక్కడే నా పాపం ఉంది. మా ముందుగదిలో తాతయ్య పడక కుర్చీ ఉండేది, చారల గుడ్డది. ఎండలో పెడితే గుడ్డ వెలిసిపోతుందని తాతయ్య అనేవారట. ఆయన పోయాక కూడా నాయనమ్మ ఆ మాట జవదాటలేదు. ఇంట్లో ప్రతి చెక్కముక్కా డాబా ఎక్కేది కానీ ఆ కుర్చీ గడప దాటేది కాదు. మధ్యాహ్నాలు ఆవిడ ఒక్కతే అందులో కాసేపు నడుం వాల్చేది. మేమెవరం తాకకూడదు. నేను తాకాను. ఆవిడ రేవుకి వెళ్ళినప్పుడల్లా అందులో పడి ఊగేదాన్ని, లేచేసరికి పిక్కల మీద వరసగా దద్దుర్లు. ఒకసారి గుడ్డ మడతలోకి దూరుతున్న నల్లిని కళ్ళారా చూశాను కూడా. చెబితే కుర్చీ ఎక్కానని తెలిసిపోతుంది. నాయనమ్మ మోచేతుల మీదా అలాంటి దద్దుర్లే ఉండేవి. చెమటకాయలంటూ ఆవిడ గంధం రాసుకునేది.

వాళ్ళ సామానుకి బండి వచ్చిన రోజు ఉదయం వాళ్ళ మంచాన్ని వీధిలో నిలబెట్టారు. వచ్చేపోయేవాళ్ళు దానికి ఎడంగా తప్పుకుని నడుస్తున్నారు. పద్మ నా వైపు చూడటం లేదు. పరిగెత్తి వెళ్ళి నాయనమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచే కూర్చుంటున్నావు అందులో?" అంది నాయనమ్మ.

శివరాత్రి నుంచీ అన్నాను. శివరాత్రి అంటే టీచరుగారు రాకముందు. నాయనమ్మ తన మోచెయ్యి తిప్పి చూసుకుంది. ఆ తర్వాత కుర్చీని రెండు చేతులా ఎత్తి, నాన్న సాయం రాబోతే వద్దని, తనే మోసుకుంటూ వీధి వాకిట్లోకి వచ్చింది. డాబా మీదికి కాదు, అందరూ చూసే వాకిట్లోకి. నాచేత పంచె తెప్పించి పరిచింది. గుడ్డ అంచులోంచి కర్ర బయటికి లాగి, కుర్చీని రోకలితో మూడు దెబ్బలు కొట్టింది. చింతగింజల రంగులో నల్లులు, జలజలా, తాతయ్య తెల్ల పంచె నిండా రాలాయి. రత్తమ్మగారి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

"టీచరుగారూ, నల్లులు మా ఇంట్లోనే ఉన్నాయండీ. మీ మంచం లోపలికి మోయించుకోండి" అంది నాయనమ్మ. మాట అందరికీ వినపడేలాగే అంది.

దాచుకోవచ్చు ఆవిడ. ఇల్లు ఆవిడది, పేరు ఆవిడది. ఆ ఊళ్ళో ఆవిడ గొప్పంతా ఈ పురుగుల దగ్గరే. ఆ గొప్పని ఆ పూట రోకలితో తనే కొట్టేసుకుంది. ఇన్నేళ్ళలో నేను చాలామంది పెద్దవాళ్ళని చూశాను, అలా చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా లేరు. ఆ వేసవంతా కుర్చీ డాబా మీదే ఉంది. చారలు వెలిసి తెల్లబడ్డాయి. పద్మా నేనూ వంతులేసుకుని అందులో కూర్చున్నాం, నాయనమ్మ చూస్తూ కూడా ఏమనలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ స్థలంలో నాలుగంతస్తుల బట్టల దుకాణం ఉంది. మా అపార్టుమెంటు డాబాకి తాళం, తాళం తీస్తే నీళ్ళ ట్యాంకులూ సోలారు పలకలూ. మంచం ఎండలో పెట్టడానికి చోటు లేదు, పెడతానంటే నవ్వుతారు. ఎవరింట్లో ఏం పురుగు ఉన్నా మూడో కంటికి తెలియకుండా మందు వేయించుకోవడమే ఇప్పటి మర్యాద. మందతను వెళ్ళిపోతూ, మళ్ళీ పదిహేను రోజులకి వస్తానన్నాడు. పక్క ఫ్లాటుకీ మాకూ మధ్యనున్న గోడ వంక చూశాను. ఆ గోడ అవతల నల్లులు ఈపాటికి సామాను సర్దుకుని ఉంటాయి.

వెళ్ళి పక్క ఫ్లాటు బెల్లు కొట్టాను. రెండేళ్ళుగా లిఫ్టులో నవ్వుకోవడమే తప్ప పేరు కూడా అడగని అమ్మాయి, చంకలో పిల్లాడితో తలుపు తీసింది.

"అమ్మాయీ, నల్లులు మా ఇంట్లో ఉన్నాయి. మీకు చెప్పాలని వచ్చాను" అన్నాను. ఈ ముక్క అనడానికి ఎంత బరువో నాకు ఇవాళే తెలిసింది.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నన్నూ, ఆ తర్వాత పిల్లాడి చేతినీ చూసింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, వరసగా ఉన్న దద్దుర్లు నాకు చూపించింది.

"చెమటకాయలనుకుంటున్నానాంటీ" అంది.