పళ్లు బిగిస్తే మూసుకునే కన్ను

ఒక ఆదివారం చిత్తూరులో గడ్డం గీయించుకుంటున్నాను. సబ్బు నురగ ఎడమ కంట్లో పడింది. మంగలి గోవిందు కత్తి ఆపి నా మొహంలోకి చూశాడు.

"కన్ను మూసుకో సార్."

"మూసుకునే ఉండాను కదప్పా."

"యాడ మూసినావు? తెల్లగుడ్డు కనపడతాండాది."

నురగ వేలితో తుడుచుకున్నాను. మంట లేదు. ఆ మంట లేకపోవడమే నన్ను భయపెట్టింది.

అప్పటికి ఏడాదిగా ఆ చెంప మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది. ఒక దినపత్రికకు విలేకరిగా జిల్లా అంతా తిరిగేవాణ్ని. ఎండకు వచ్చిందనుకున్నాను. చిన్నప్పుడు అమ్మవారు పోసి కుడి కన్ను చూపు సగం పోయింది. చదవడానికీ రాయడానికీ ఎడమ కన్నే ఆధారం. అదే ఇప్పుడు మూతపడడం మానేసింది.

తిరుపతి ఆసుపత్రిలో నన్ను గోడవైపు చూడమని, దూదితో తాకినప్పుడల్లా చెప్పమన్నారు. ఎప్పుడు తాకుతారా అని ఎదురుచూస్తుంటే "అయిపోయింది, ఇటు తిరుగు" అన్నారు. చెవి తమ్మె కొద్దిగా కోసి స్కిన్ స్మియర్ తీశారు. లెప్రసీ అని తేలింది. రియాక్షన్ వచ్చి రెప్పను కదిలించే ఫేషియల్ నెర్వ్ దెబ్బతిన్నదన్నారు. డాప్సోన్, ప్రెడ్నిసోలోన్ రాశారు.

"మచ్చ తగ్గతాది. రెప్ప సంగతి మాత్రం నేను చెప్పలేను" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆయన చెప్పినట్టే మచ్చ తగ్గింది, రెప్ప మాత్రం మళ్లీ మూతపడలేదు. ఆఫీసులో నా టీ గ్లాసును కిటికీ బయట పెట్టడం మొదలైంది. గోవిందు నన్ను షాపు మెట్ల మీదే ఆపి, "నేనే ఇంటికొచ్చి సేస్తాలే సార్, నువ్వెందుకు శ్రమ పడేది" అన్నాడు. రాలేదు. నా భార్య సరోజ ఒక్కతే పరాచికం మానలేదు. పగలు కాసేపు పడుకుంటే, "నిద్రపోతాండావా, నన్ను కనిపెడతాండావా?" అనేది. అంటూనే తడిగుడ్డ మడిచి కంటిమీద వేసేది.

కన్ను తడి ఆరిపోయి కార్నియా మీద పుండు పడింది. మందులతో మానింది. మళ్లీ పడితే చూపు దక్కదన్నారు. ఆ మాట తర్వాతే నన్ను డాక్టర్ మునిరత్నం దగ్గరికి పంపారు.

ఆయనది ఐరాల దగ్గర పల్లె. చెరుకు, శనక్కాయలు పండించే ఇల్లు. తిరుపతిలో చదివి, తమిళనాడులో ఒక లెప్రసీ ఆసుపత్రిలో మొహాలు బాగుచేసే పని నేర్చుకుని వచ్చాడు. కనుబొమలు, ముక్కులు అన్నీ చేసినా రెప్పల మీదే ఆయనకు మోజు. మా లెప్రసీ వార్డులో పని చేస్తాడని తెలిసి ఇల్లుగలాయన ఖాళీ చేయించాడు. "మా నాయన గూడా నేను రెండుసార్లు చేతులు కడిగితే గానీ అన్నం తట్ట ముందర పెట్టడు" అని నవ్వుతూ చెప్పేవాడు.

నా కణత మీద వేలు పెట్టాడు. "నమిలే కండరం ఇది. టెంపోరాలిస్. దీంట్లోంచి ఒక పట్టీ తీసి రెప్పల్లోకి పోనిస్తా. పళ్లు బిగిస్తే కన్ను మూసుకుంటాది."

"ఎంతమందికి చేసినారు సార్?"

"పక్కన నిలబడి శానామందికి. నా చేత్తో నేనుగా అంటే, నువ్వే మొదలప్పా."

"నేనే దొరికినానా?"

"నాకు నువ్వు, నీకు నేను. ఇంగెవురొస్తారు మన కాడికి?"

కణతకు మాత్రం మత్తు సూది వేసి కోశాడు. ఆయన చేయి కొంచెం వణకడం చూశాను. కొన్ని వారాలు గంజి తాగించి, తర్వాత వేయించిన శనక్కాయలు నమలమన్నాడు. మొదటి గింజ కొరకగానే కన్ను టక్కున మూసుకుంది. సరోజ ఏడ్చింది. నెల తిరక్కుండా కింది రెప్ప వేలాడి నీరు కారడం మొదలైంది.

"కుట్టు వదిలింది. తప్పు నాదే. మళ్లా కోస్తా." ఓదార్పు మాట ఒక్కటీ లేదు. మళ్లీ కోశాడు. ఈసారి నిలిచింది.

మెడికల్ విద్యార్థుల ముందు నన్ను కూర్చోబెట్టి చేతికి మురుకు ఇచ్చారు. కొరికాను. "సార్, ఆయప్ప కన్ను కొడతాండాడు!" అని ఒకడు అరిచాడు. హాలంతా నవ్వింది. మునిరత్నం కూడా నవ్వి, "ఇంకోటి తిను" అన్నాడు. ఫొటోలు తీశారు.

బంధువుల పెళ్లిలో పంక్తిలో కూర్చుని తింటుంటే ఎదురుగా ఉన్నామె భర్త లేచి నా చొక్కా పట్టుకున్నాడు. సరోజ అడ్డం వచ్చి, "మా ఇంటాయన వంకాయ కూరను చూసి కన్ను కొడతాండాడప్పా, మీ ఆమెను చూసి కాదు" అంది. జబ్బు సంగతి ఎవరో చెవిలో చెప్పారు. అతను చొక్కా వదిలి చేయి కడుక్కోవడానికి పరుగెత్తాడు. మాకు విస్తళ్లు పెరట్లో వేశారు.

కొన్నేళ్లకు మునిరత్నం మద్రాసు వెళ్లిపోయాడు. సినిమావాళ్ల రెప్పలు, ముక్కులు సరిచేస్తాడని పేరొచ్చింది. నా కింది రెప్ప మళ్లీ జారితే వెతుక్కుంటూ వెళ్లాను. అప్పటికి నా జబ్బు పూర్తిగా నయమై, మందులు కూడా ఆపేశారు. ఆయన ఆసుపత్రి హాల్లో సోఫా మీద కూర్చున్నాను. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ వేసుకున్నాడు. నర్సు వచ్చి వెనక గేటు నుంచి రమ్మంది.

సామాన్ల గదిలో బల్ల మీద పడుకోబెట్టి తనే కోసి బిగించాడు. చేయి ఇసుమంత కూడా వణకలేదు.

"నీ రెప్ప మీద నేర్చుకున్న పనే ఇదంతా. ఆ సంగతి ఈడ ఎవురికీ చెప్పొద్దు."

"నాకు నువ్వు, నీకు నేను అన్నారు కద సార్."

"అది తిరుపతిలో అన్న మాటప్పా" అని గ్లవ్స్ తీసేశాడు. వెనక గేటు వరకు నర్సు వచ్చింది.

ఆ కుట్టు ఇప్పటికీ నిలిచే ఉంది. ఈ నాలుగు ముక్కలూ ఆ కంటితోనే చూసి రాస్తున్నాను. వాక్యం పూర్తయినప్పుడల్లా పళ్లు బిగిస్తాను. జేబులో శనక్కాయలుంటాయి.

ఈ జబ్బుతో రెప్ప పడిపోయినవాళ్లకు ఒకటే చెబుతాను. స్పర్శ పోయిన కన్ను పుండు పడినా నొప్పి పెట్టదు. ఉదయం, సాయంత్రం అద్దం ముందు నిలబడి ఎరుపు ఉందేమో మీరే చూసుకోండి. ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఎదుటివాళ్లు చూసి చెబుతారని ఆగవద్దు. నా విషయంలో చెప్పినవాడు గోవిందు ఒక్కడే. అదీ జబ్బు పేరు తెలియక ముందు.