మామ ఉన్న ఇంటికి మూల నక్షత్రం పిల్ల

దుర్ముఖి నామ సంవత్సరంలో, అంటే 1956లో, మా గురువుగారు నన్ను కృష్ణగిరి నుంచి హోసూరుకు పంపించారు. ఆయన దగ్గర జ్యోతిషం చదువుకున్నవాళ్లలో ఆఖరివాణ్ణి నేను. అప్పట్లో ఆ రెండు ఊళ్లూ సేలం జిల్లాలోనే ఉండేవి. హోసూరు పేటలో ఒక మిద్దె కింద చిన్న గది, ఒక చాప, ఒక పలక, రెండు పంచాంగాలు. అదే నా ఆఫీసు. జీతం లేదు గానీ పై అధికారి మాత్రం ఉన్నాడు. అప్పుడప్పుడూ బస్సెక్కి కృష్ణగిరి పోయి, నేను చూసిన జాతకాలన్నీ గురువుగారికి అప్పజెప్పాలి. లెక్క తప్పితే అక్కడున్నవాళ్లందరి ముందే చీవాట్లు పెట్టేవారు.

రెండు పంచాంగాలు ఎందుకంటే, ఒకటి తమిళ నెలలది, రెండోది మన చాంద్రమానానిది. పెండ్లి పొంతనలు చూసే పద్ధతులు కూడా ఆ ప్రాంతంలో రెండు. తమిళం మాట్లాడేవాళ్లు పది పొరుత్తాలు, అంటే పది రకాల పొంతనలు అడిగేవారు. అందులో రజ్జు అనేది కుదరకపోతే మిగిలిన తొమ్మిదీ కుదిరినా లేచి వెళ్లిపోయేవారు. తెలుగు, కన్నడం మాట్లాడేవాళ్లకు ముప్పై ఆరు గుణాలు కావాలి. సగం దాటితే చాలు, సంతోషంగా బెల్లం పంచేవారు. బాగలూరు పిల్లవాడి తరఫువాళ్లూ, రాయకోట పిల్ల తరఫువాళ్లూ ఒకే చాప మీద కూర్చుంటే నేను రెండు లెక్కలూ కట్టి, రెండు భాషల్లో చెప్పి, ఆ తర్వాత మూడో భాషలో సర్దిచెప్పాల్సి వచ్చేది. సంత రోజు మధ్యాహ్నానికి ఆ గదిలో కొత్తిమీర వాసన, గొర్రెల వాసన, కర్పూరం వాసన కలిసిపోయి ఉండేవి. అంత సందడి మళ్లీ నా బతుకులో చూడలేదు. ఇప్పటికీ కొత్తిమీర కట్ట విప్పితే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

గొర్రెలు కాసుకునేవాళ్లకు సాధారణంగా జాతకాలు ఉండవు. పుట్టిన వేళ ఎవరూ చూసి పెట్టుకోరు. వాళ్లకు పేరును బట్టి నక్షత్రం చెప్పి పంపేవాణ్ణి. మేనరికమైతే అదీ అక్కర్లేదు. మేనమామ కొడుక్కి పిల్లనివ్వడానికి పొంతనలు చూసే ఆచారమే లేదు. ఇన్ని సదుపాయాలు ఉండి కూడా బేరిగై ఊరి మునెమ్మ కూతురు రత్నమ్మ పెండ్లి నా గదిలోకి వచ్చి చిక్కుకుంది.

ఆ పిల్ల దురదృష్టం ఏమిటంటే, ఆమె పుట్టిన రోజు ఊరి పురోహితుడు ఆ వీధిలోనే ఉన్నాడు. అడగకుండానే పంచాంగం తీసి "మూల" అన్నాడు. ఇరవై ఏడు నక్షత్రాల్లో మూల ఒకటి. మూలలో పుట్టిన పిల్ల అత్తారింట్లో అడుగుపెడితే మామకు గండమని జనం నమ్మకం. శాస్త్రంలో పాదాన్ని బట్టి మినహాయింపులు ఉన్నాయి, పరిహారాలు ఉన్నాయి. జనానికి పాదాలతో ఏం పని? మూల అంటే మూలే. అందుకే మా వృత్తిలో ఒక వాడుక ఉండేది. మూల నక్షత్రం పిల్లకు తండ్రి లేని పిల్లవాణ్ణి చూసేవాళ్లం. మామే లేని ఇంట్లో గండం ఎవరికి?

మునెమ్మ నా దగ్గరికి వచ్చేసరికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఆమె అన్న తిమ్మరాయప్ప జవళగిరిలో ఉంటాడు. అతనికి పెండ్లీడు కొడుకు ఉన్నాడు. కానీ అతని భార్య ఒప్పుకోవడం లేదు. సొంత మేనమామే కోడలిగా చేసుకోని పిల్లను మేమెందుకు చేసుకోవాలని బయటివాళ్లు అడుగుతున్నారు. మునెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నక్షత్రం మార్చి రాసివ్వమని అడిగింది. అట్లా అడిగేవాళ్లు చాలామంది వచ్చేవారు. ఊరంతా తెలిసిన నక్షత్రాన్ని మార్చినా ఎవరు నమ్ముతారని చెప్పి పంపించాను. ఆమె గడప దాటుతుంటే నాకు చాలా బాధగా అనిపించింది.

మరుసటి ఏడు, హేవిళంబి సంవత్సరం పుష్యమాసంలో, ఒక సంత రోజు, తిమ్మరాయప్పే వచ్చాడు. భుజాన కంబళి, చేతిలో కర్ర, బాగా చిక్కిపోయిన మనిషి. అందరూ వెళ్లిపోయేదాకా కూర్చుని, తన ఆయుస్సు చూడమన్నాడు.

ఆయుస్సు గురించి నోరెత్తకూడదని మా గురువుగారి కట్టడి. ఆ మాటే చెప్పాను. అతను నవ్వాడు.

"అది డాక్టరు చెప్పేసినాడులే సామీ. కడుపులో గడ్డ ఉందంట. రెండు ఆసుపత్రులకు పోయినాను, ఇద్దరూ అదే మాట అన్నారు. వచ్చే వానలు చూడను నేను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

నా వృత్తి బుద్ధి వెంటనే ఒక దారి చూపించింది. చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. కొంతకాలం ఆగితే పిల్లవాడు తండ్రి లేనివాడవుతాడు, అప్పుడు మూల అడ్డం రాదు కదా అన్నాను. తిమ్మరాయప్పకు కోపం రాలేదు. తాను కూడా అది ఆలోచించానన్నాడు.

"నేను పోయినాక ఆ పిల్లని ఎవరు తెస్తారు సామీ? మా ఇంటామె తేదు. నా మాట ఉన్నన్నాళ్లే ఆ పెండ్లి. ఇప్పుడు చేస్తే, నేను పోగానే కోడలే మింగేసిందంటాది మా ఇంటామె. ఆడ ఆ పిల్ల ఎట్లా బతుకుతాది?"

అందుకని అతనికి కావలసింది ఒకటే. తన కాలం తన జాతకం ప్రకారమే తీరిపోయిందని, కోడలి నక్షత్రానికీ దానికీ సంబంధం లేదని, పెండ్లికి ముందే నలుగురిలో నేను చెప్పాలి. జాతకం లేదు కదా అన్నాను. ప్రశ్న పెట్టమన్నాడు. అడిగిన వేళకు చక్రం వేసి చూడటాన్ని ప్రశ్న అంటారు. జాతకం లేనివాళ్లకు అదే దిక్కు. పలక మీద చక్రం వేశాను. లగ్నంలో బృహస్పతి దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఆయుస్థానం మీద పాపగ్రహాల చూపు లేదు. ఎట్లా తిప్పి చూసినా అది నిండు ఆయుస్సు చెప్పే చక్రమే. ఆ మాట చెబితే తిమ్మరాయప్ప నన్ను ఓదార్చినట్టుగా అన్నాడు: "నీ శాస్త్రం మంచిదే సామీ. నా కడుపే మంచిది కాదు."

మర్నాడే కృష్ణగిరి బస్సెక్కాను. గురువుగారు చక్రం చూసి, లెక్క సరిగానే కట్టావన్నారు. మరి ఏం చెయ్యాలని అడిగాను. ఆయన వక్కలు కత్తిరిస్తూనే చెప్పారు.

"చక్రంలో ఉన్నది చెప్పు. లేనిది చెప్పకు. అతనికి కావలసిన మాటకు చక్రంతో పనిలేదు. అతని చేతే చెప్పించు."

ఆ మాట తిమ్మరాయప్పకు చేరవేశాను. భార్య ఒప్పుకోకపోయినా, తన మాట మీదే అతను మాఘంలో బేరిగైలో వక్కాకు పెట్టించాడు. ఆ ప్రాంతంలో తాంబూలాలు మార్చుకోవడాన్ని అట్లాగే అంటారు. వక్కాకు తీసుకున్నవాళ్లంతా ఆ పెండ్లికి సాక్షులు. తీసుకున్నాక ఎవరూ వంక పెట్టకూడదు, పెడితే కుల పెద్దలు నిలదీస్తారు. లగ్నపత్రిక చదివేముందు, ఇరుపక్షాలవాళ్లూ చెప్పుకోవలసింది ఉంటే ఇప్పుడే చెప్పుకోండి అని నేను అడగాలి. ఇది మా వృత్తిలో ఒక మామూలు మాట. నేను అడగడమే గానీ ఎవరైనా జవాబివ్వడం అంతకుముందు చూడలేదు.

ఆ రోజు తిమ్మరాయప్ప కర్ర పట్టుకుని లేచాడు. కడుపులో గడ్డ సంగతి, డాక్టర్లు చెప్పిన మాట, ఏదీ దాచకుండా చెప్పాడు.

"నేను పోతే ఈ కడుపుతో పోతాను. నా మేనకోడలి నక్షత్రంతో కాదు. ఈ మాటకు ఒప్పుకునేవాళ్లు వక్కాకు తీసుకోండప్పా. ఒప్పుకోనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి."

ఎవరూ లేవలేదు. పెద్దలు ఒక్కొక్కరే తీసుకున్నారు. పళ్లెం ఆడవాళ్ల వైపు వెళ్లింది. అక్కడ తిమ్మరాయప్ప భార్య ముందు ఆగిపోయింది. ఆమె పేరు చిన్నమ్మ. ఇన్నాళ్లూ మొగుడికి గండం అని ఆ పిల్లను కాదన్న మనిషి ఆమె. ఆమె పళ్లెం వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

"ఆ కడుపు పెట్టుకుని బస్సు దిగి ఈడదాకా నడిచొచ్చినావా? నాకో మాట చెప్పకుండా?"

అతను తల దించుకున్నాడు. ఆమె గట్టిగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. కొంతసేపటికి ఆమే ముఖం తుడుచుకుని, చెయ్యి చాపి వక్కాకు తీసుకుంది. అప్పుడు గానీ నేను పత్రిక చదవలేదు.

ఫాల్గుణంలో పెండ్లి అయింది. నాలుగు నెలలకు, ఆషాఢంలో తిమ్మరాయప్ప పోయాడు. ఆషాఢం కాబట్టి రత్నమ్మ పుట్టింట్లో ఉంది. చావు కబురు తెచ్చిన మనిషే, కోడల్ని వెంటబెట్టుకుని రమ్మని చిన్నమ్మ చెప్పిందన్నాడట. దినాలకు వచ్చిన చుట్టాల్లో ఒకామె, మూల ఊరికే పోతుందా అని గొణిగింది. ఆ తర్వాత జరిగింది మునెమ్మ హోసూరు సంతకు వచ్చినప్పుడు చెప్పింది. చిన్నమ్మ ఆ చుట్టం ముందుకు పోయి నిలబడిందట.

"నా మొగుడు ఏంటితో పోయినాడో నాకు తెలుసు. నలుగురిలో వక్కాకు తీసుకుని విన్నాను. నా కోడల్ని ఇంకో మాటంటే ఈడ కూడు తినకుండా పోతావు."

మునెమ్మ ఇది చెబుతూ ఏడ్చింది, నవ్వింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పొంతనలు చూశాను. నేను చెప్పినవి కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. తిమ్మరాయప్పకు వేసిన చక్రం ఎందుకు తప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. పని పద్ధతిలో మాత్రం ఒక మార్పు చేసుకున్నాను. పిల్ల జాతకం చాప మీద పెట్టకముందే, పిల్లవాడి ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉందా అని అడగడం మొదలుపెట్టాను. ఉందంటే, ఆ మాట వక్కాకు నాడు రోగి నోటితోనే చెప్పించేవాణ్ణి. ఒప్పుకోకపోతే లగ్నం పెట్టేవాణ్ణి కాను.