కత్తి పుట్టిన ఊరు

తెల్లారగానే భోజన్న వర్క్‌షాపులోని దాగలిని, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మెను తాకి, చేతులు కళ్ళకద్దుకునేవాడు. అతడు నిర్మల్ దగ్గరి కమ్మరి ఇంట పుట్టినవాడు. ఇప్పుడు అరబ్బుల ఎడారిలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల మజ్రాలో, అంటే పశువుల ఫారంలో, గేట్లు, గొలుసులు బాగుచేసేవాడు. కువైట్ గొడవ మొదలైనప్పుడు అతణ్ణి పనికి రప్పించిన యజమాని, కఫీల్, బీరువాలో పెట్టిన పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది. యుద్ధం ముగిసింది, సైరన్లు ఆగాయి. ఊరికి పోవడానికి కఫీల్ ఇవ్వాల్సిన అనుమతి కాగితం, ఖురూజ్, మాత్రం రాలేదు. అతడు వచ్చాక పుట్టిన కూతురు నడక కూడా నేర్చింది. ఆ మొహం అతడింకా చూడలేదు.

ఒంటెలు కాసే సూడాన్ ఇద్రీస్ రోజూ అతనికి అల్లం వేసిన కాఫీ చిన్న గిన్నెడు తెచ్చేవాడు. ఆ పరాయి నేల మీద భోజన్నకు దేవుడు ఆ గిన్నెలోనే కనిపించేవాడు. ఒకరోజు ఇద్రీస్ తన తాతల నాటి కత్తిని తుప్పు తీయమని తెచ్చాడు. నిటారు కత్తి, రెండువైపులా పదును, పిడి దగ్గర శిలువలా అడ్డకమ్మి. అది కఫీల్ కంట పడింది.

"ఇది మా అరబ్బులది. ఇక్కడి నుంచే సముద్రం దాటింది" అన్నాడు కఫీల్. ఈజిప్టు మేనేజరు అడ్డకమ్మి చూపించి, ఇది ఒకప్పుడు దండెత్తి వచ్చిన యూరప్ వాళ్ళదన్నాడు.

ఇద్రీస్ తల అడ్డంగా ఊపాడు. "మా ఊరు కస్సలాలో కమ్మరి చేసింది, ఆ కొట్టు ఇంకా నడుస్తోంది. మా ఇంట పెళ్ళికొడుకు దీన్నే భుజాన వేసుకుంటాడు. ఈసారి నా కొడుకు."

కఫీల్ భోజన్న వైపు తిరిగాడు. "నువ్వు కమ్మరివి. మాదే అని అందరి ముందు చెప్పు. కత్తి నా గోడకు, ఖురూజ్ నీకు. రేపు అడుగుతా."

ఆ రాత్రి రొట్టెల దగ్గర, తన వైపు నుంచే వచ్చిన తోటి పనివాడు నాగేందర్ తగులుకున్నాడు. "ఒక్క ముచ్చట గదనే, కాకా! అరబ్బులదే అను, ఇమానమెక్కు. కత్తేమన్న నోరిప్పి కాదంటదా?"

"కత్తి అనదురా. ఎల్లుండి పొద్దుగాల గా దాగలిని ఏం మొకంతోని ముట్టాలె?"

"దాగలి ఇస్తదా నీకు పాస్‌పోర్టు?"

భోజన్న మిగిలిన రొట్టెను గుడ్డలో చుట్టి లేచాడు.

మరునాడు అందరి ముందు కఫీల్‌కు వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. "యాడ పుట్టిందో నాకు తెల్వది, బాబా. ఇద్రీస్ సంచిలకెల్లి తీసిండు, గది సూసిన."

కఫీల్ కత్తిని దాగలి మీద పడేసి వెళ్ళిపోయాడు. బీరువా తెరుచుకోలేదు.

కొడుకు పెళ్ళికి ఇద్రీస్‌కు సెలవు దొరికింది. భోజన్న కత్తికి నూనె రాసి, గుడ్డ చుట్టి చేతికిచ్చాడు. ఇద్రీస్ కళ్ళు తుడుచుకుని, "నీకేం చేయమంటావు, చెప్పు" అన్నాడు.

భోజన్న గేటు అవతలి దారి వైపు చూశాడు.

"పెండ్లయినంక గా కస్సలా కమ్మరి కొట్టుకు పో, అన్నా. గక్కడి దాగలిని నా పేరు మీద ఒక్కపారి ముట్టు."